ఊక బొగ్గుతో బోరు నీటిలో ఆర్సెనిక్ తీయడం ఎలా?

"మా ఊళ్లో రైసుమిల్లు వెనక ఊక గుట్టలుగా పడి ఉందండీ. దాన్ని కాల్చి ఫిల్టరులో వేస్తే ఆర్సెనిక్ పోతుందట కదా?" బెంగళూరులో నీటి పరీక్షలు చేసే ప్రయోగశాలలో పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న పాతబడిపోయింది. అడిగేవారిలో చాలామంది రాయచూరు వైపు ఆంధ్రా క్యాంపుల్లో (ఆంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన రైతుల పల్లెల్లో) పుట్టి, ఇప్పుడు మారతహళ్లిలోనో కె.ఆర్. పురంలోనో ఉంటున్న మన తెలుగువాళ్లే. అమ్మానాన్నలు అక్కడే తుంగభద్ర కాలువ కింద వరి పండిస్తుంటారు, తాగడానికేమో బోరు నీళ్లు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే ఓపిక అయిపోయి ఇది రాస్తున్నాను.

ముందుగా అసలు సంగతి. ఉత్త ఊక బొగ్గు ఆర్సెనిక్ అనే ఈ విషాన్ని పట్టుకోదు. పట్టుకున్నా లెక్కలోకి రానంత. నీటిలో ఆర్సెనిక్ ఎక్కువగా రుణావేశంతో ఉంటుంది, బొగ్గు ఉపరితలానికీ సాధారణంగా అదే ఆవేశం. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. ఆ బొగ్గుకు తుప్పు లాంటి ఇనుప పొర పట్టిస్తే కథ మారుతుంది. ఆర్సెనిక్ ఇనుముకు అతుక్కుంటుంది, బొగ్గు ఆ ఇనుముకు కూర్చునే పీట మాత్రమే. కాబట్టి కింద చెప్పేది బొగ్గు చేయడం గురించి సగం, ఇనుము పట్టించడం గురించి సగం.

మీకు ఇది అవసరమా?

బెంగళూరులో కావేరి నీళ్లు వచ్చే ఇంట్లో ఉంటే ఈ శ్రమ మీకు వద్దు. నగరంలో బోరు నీళ్లు వాడేవారి బాధలు ఎక్కువగా ఉప్పు, గట్టిదనం, నైట్రేట్. కోలారు, చిక్కబళ్లాపురం వైపు వెళితే ఫ్లోరైడ్. వీటికి ఈ ఫిల్టరు పనికిరాదు. కర్ణాటకలో ఆర్సెనిక్ గొడవ బంగారం దొరికే రాళ్లున్న రాయచూరు, యాదగిరి జిల్లాల్లో బయటపడింది. సురపుర తాలూకాలోని కిరదళ్లి తండాలో బోరు నీళ్లు తాగినవారికి చర్మవ్యాధులు వచ్చాయి. ఆ తండా పాత మంగళూరు బంగారు గనికి దగ్గర. ఇది సముద్రం ఒడ్డున ఉన్న మంగళూరు కాదు, అదే పేరున్న పల్లె. బంగారంతో పాటు ఆ రాళ్లలో ఆర్సెనిక్ ఉన్న ఖనిజాలు కూడా ఉంటాయి, అదీ కారణం.

ఆర్సెనిక్‌కు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మన పెద్దలు దాన్ని పాషాణం అన్నారు, చంపే విషానికి వాడిన మాట అది. మన ఐ.ఎస్. 10500 ప్రమాణం ప్రకారం తాగే నీటిలో లీటరుకు 0.01 మిల్లీగ్రాము, అంటే 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ అదే.

కాబట్టి మొదటి పని పొయ్యి వెలిగించడం కాదు, నీటిని పరీక్షకు పంపడం. ఎన్.ఏ.బి.ఎల్. (ప్రయోగశాలలకు గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలను ఎంచుకోండి. సీసా వాళ్లనే అడిగి తీసుకోండి, అందులో ముందే కొద్దిగా నైట్రిక్ ఆమ్లం వేసి ఇస్తారు. దాన్ని కడగకండి, పొంగిపొర్లేలా నింపకండి. బోరు పది నిమిషాలు నడిచాక నేరుగా గొట్టం దగ్గర పట్టండి, ట్యాంకు నీళ్లు వద్దు. మరో మాట తప్పక అడగండి: "మీ యంత్రం ఎంత తక్కువ వరకు కొలుస్తుంది?" లీటరుకు 50 మైక్రోగ్రాములకు తక్కువైతే చూడలేని యంత్రం "కనబడలేదు" అని రాసిచ్చిన కాగితానికి విలువ లేదు. అలాంటి కాగితం పట్టుకుని ధీమాగా వచ్చినవారిని నేను చూశాను.

ఫలితం 10 లోపు ఉంటే ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు. దాటితే, ఫిల్టరు సిద్ధమై పరీక్షలో నెగ్గేదాకా తాగడానికీ వంటకీ వేరే నీళ్లు తెచ్చుకోండి. బోరు నీళ్లతో స్నానం చేసినా, బట్టలు ఉతికినా పెద్ద భయం లేదు. మరిగిస్తే మాత్రం ఆర్సెనిక్ పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది.

కావలసినవి

బొగ్గుకు: ఒకటిన్నర కిలో పొడి వరి ఊక, 15 కిలోల వంటనూనె ఇనుప డబ్బా, దానికి బిగుతుగా పట్టే ఇనుప మూత, ఇటుకలు, కట్టెలు, మూత సందులు మూయడానికి బంకమట్టి.

ఇనుము పట్టించడానికి: 125 గ్రాముల ఫెర్రిక్ క్లోరైడ్, అంటే పసుపు గోధుమ రంగులో ఉండే తడి గడ్డల రకం. దాదాపు 120 గ్రాముల తినే సోడా. రెండు పెద్ద ప్లాస్టిక్ బకెట్లు, చెక్క గరిటె, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) చూసే కాగితాలు, రబ్బరు చేతి తొడుగులు, కళ్లద్దాలు.

ఫిల్టరుకు: 75 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టం ఒక మీటరు, దాని అడుగున బిగించే మూత, అర అంగుళం కుళాయి, ఒక మీటరు సన్నని గొట్టం, కడిగిన గులకరాళ్లు, ముతక ఇసుక, నైలాన్ జల్లెడ గుడ్డ.

ఫెర్రిక్ క్లోరైడ్ ఎక్కడ దొరుకుతుందని అడుగుతారు. ఎస్.పి. రోడ్డులో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే దుకాణాల్లో సర్క్యూటు బోర్డులు చెక్కడానికి ఇది దొరుకుతుంది. కానీ తాగే నీటికి ఆ రకం వద్దు, అందులో ఏయే లోహాలు కలిసి ఉన్నాయో డబ్బా మీద రాయరు. ప్రయోగశాల రసాయనాలు అమ్మేవారి దగ్గర శుద్ధమైన రకం కొనండి. ఒకసారి బోర్డులు చెక్కడానికి వాడేసిన ద్రావణాన్ని "మిగిలింది కదా" అని ఎవరైనా ఇస్తే ముట్టుకోవద్దు, అది నిండా రాగి.

ఊక ఎక్కడిదో కూడా చూసుకోండి. ఆర్సెనిక్ ఉన్న బోరుతో తడిపిన వరిలో ఊకకూ గడ్డికీ కూడా ఆర్సెనిక్ ఎక్కుతుంది. కాలువ నీటితో పండిన వడ్ల ఊక తీసుకోండి, లేదా వేరుశనగ పొట్టు, కొబ్బరి చిప్పలు వాడండి. హిందూపురం, చిక్కబళ్లాపురం వైపువాళ్లకైతే పట్టుపురుగుల మేతకు ఆకు కోశాక మిగిలే మల్బరీ పుల్లలు ఉండనే ఉన్నాయి. పేడ, కోళ్ల ఎరువు మాత్రం వద్దు. వాటి బొగ్గు నుంచి ఫాస్ఫేటు దిగుతుంది, అది ఆర్సెనిక్ కూర్చోవలసిన చోట్లో తాను కూర్చుంటుంది.

నర్సరీల్లో బయోచార్ పేరుతో ఇలాంటి బొగ్గు సంచులు అమ్ముతారు. మొక్కలకు మంచిదే, కానీ చాలావాటిలో కంపోస్టు కలిపి ఉంటుంది. ఈ పనికి తీసుకోకండి.

చేసే విధానం

1. ఖాళీ నూనె డబ్బాను ముందు ఒకసారి మంటలో పెట్టి లోపలి జిడ్డు కాలిపోనివ్వండి. జింకు పూత ఉన్న రేకు డబ్బాలు వాడవద్దు, వేడికి వచ్చే పొగ మంచిది కాదు. మూతకు మేకుతో నాలుగైదు చిన్న రంధ్రాలు చేయండి.

2. ఊకను రెండు రోజులు ఎండబెట్టి డబ్బాలో నింపి మూత పెట్టండి. సందులను తడి బంకమట్టితో పూయండి, రంధ్రాలను మాత్రం వదిలేయండి. ఇది ఊరి పెరట్లోనో పొలంలోనో చేసే పని. బెంగళూరులో డాబా మీద పొగ పెడితే పక్కింటివాళ్లు ఊరుకోరు, నిజానికి ఊరుకోకూడదు కూడా.

3. డబ్బాను ఇటుకల మీద పెట్టి చుట్టూ, కింద కట్టెలతో మంట పెట్టండి. మొదట రంధ్రాల నుంచి తెల్లని ఆవిరి వస్తుంది, అది తేమ. తర్వాత పసుపు రంగు ఘాటు పొగ. అప్పుడు పుల్ల చూపిస్తే రంధ్రాల దగ్గర మంట అంటుకుంటుంది. ఆ మంట దానంతట అది ఆరిపోయేదాకా, సుమారు గంట నుంచి గంటన్నర, బయటి మంటను తగ్గనివ్వకండి. పొగ తగ్గింది కదా అని మధ్యలో ఆపితే లోపల తారు మిగులుతుంది.

4. మంట ఆరగానే రంధ్రాలను కూడా మట్టితో మూసి, తెల్లవారేదాకా డబ్బాను ముట్టుకోకండి. మొదటిసారి నేను సాయంత్రానికే మూత తీశాను. పైన నల్లగా, చల్లగానే ఉంది. గరిటెతో కదిపాను. లోపల ఎర్రని చుక్కలు నెమ్మదిగా పాకడం మొదలుపెట్టాయి. పొగ లేదు, మంట లేదు. నీళ్ల కోసం వెళ్లి వచ్చేసరికి సగం డబ్బా బూడిద.

5. బొగ్గును పరీక్షించండి. చిటికెడు తీసుకుని తెల్ల కాగితం మీద రుద్దండి. నల్లటి గీత పడితే సరిగా కాలింది. గోధుమ రంగు గీత పడితే ఇంకా కాలాలి. తెల్లగా, పిండిలా ఉంటే బూడిద, పారేయండి. తర్వాత గ్లాసు నీళ్లలో వేసి చూడండి. నీటి మీద రంగురంగుల నూనె పొర తేలితే తారు ఉన్నట్లే, మళ్లీ మంట పెట్టాలి. అన్నీ కుదిరితే ఒకటిన్నర కిలో ఊకకు అర కిలో బొగ్గు చేతికి వస్తుంది.

6. బొగ్గును బకెట్లో వేసి మూడు నాలుగు సార్లు కడిగి, పైన తేలే సన్నని పొడిని వంపేయండి. ఊక బొగ్గు ఎలాగూ చిన్న ముక్కలే. కొబ్బరి చిప్పల బొగ్గయితే బియ్యపు గింజంత ముక్కలుగా కొట్టుకోవాలి. పొడి చేస్తే ఎక్కువ పట్టుకుంటుందని మెత్తగా నూరేవాళ్లున్నారు. మాట నిజమే, కానీ ఆ ఫిల్టరులోంచి నీళ్లు దిగవు.

7. ఇప్పుడు ఇనుము. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి. ప్లాస్టిక్ బకెట్లో రెండు లీటర్ల నీళ్లు పోసి, అందులో ఫెర్రిక్ క్లోరైడ్‌ను కొద్దికొద్దిగా వేసి కరిగించండి. అల్యూమినియం, స్టీలు పాత్రలు వాడకూడదు, ఈ ద్రావణం వాటిని తినేస్తుంది. కడిగిన బొగ్గు వేసి బాగా కలిపి, నాలుగైదు గంటలు నాననివ్వండి. మధ్యమధ్యలో కలుపుతుండండి. ఈ పనికి నేల మీద పాత గోనెసంచి పరవడం మరవకండి. మా అద్దె ఇంటి డాబా మీద ఒలికిన అరచేయంత మరక రెండు వానాకాలాలు గడిచినా అలాగే ఉంది, ఇంటి యజమానురాలు అటు వెళ్లినప్పుడల్లా దాన్ని చూసి నన్ను చూస్తారు.

8. తినే సోడాను ఒక్కో చెంచా వేస్తూ కలపండి. ప్రతిసారీ నురగ పొంగుతుంది, అందుకే బకెట్టు సగం కంటే ఎక్కువ నిండి ఉండకూడదు. పసుపు రంగు ద్రావణం క్రమంగా ఇటుక రంగు ముద్దగా మారుతుంది. పీహెచ్ కాగితం 7 చూపించగానే ఆపండి. దాదాపు 120 గ్రాముల దగ్గర ఆ స్థితి వస్తుంది, కానీ తూకం కంటే కాగితం మాటే వినండి. కాస్టిక్ సోడా తెలిసి వాడేవాళ్లయితే దాదాపు 55 గ్రాములు చాలు. అది చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి ఇంట్లో చేసేవారికి తినే సోడానే మేలు.

9. ఒక రోజంతా కదపకుండా వదిలేయండి. తర్వాత పై నీరు వంపి, కొత్త నీళ్లు పోసి కడగండి. ఎన్నిసార్లు అంటే, వంపిన నీటి ఉప్పదనం పోసిన నీటితో సమానమయ్యేదాకా. ఇక్కడ టీడీఎస్ మీటరు (నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని లీటరుకు మిల్లీగ్రాముల్లో చూపేది) పనికొస్తుంది: రెండు అంకెల మధ్య తేడా 50 లోపుకు రావాలి. ఆ మీటరు పని ఇంతవరకే.

10. నీడలో ఆరబెట్టండి. త్వరగా కావాలని పెనం మీద వేయించకండి. ఎక్కువ వేడి తగిలితే ఇనుప పొర గట్టిపడి, పట్టుకునే శక్తి తగ్గుతుంది. ఆరాక చూస్తే బొగ్గు నల్లగా కాక, కాఫీ పొడి రంగుకు దగ్గరగా ఉండాలి.

11. గొట్టం అడుగున మూత బిగించి, దానికి కుళాయి అమర్చండి. లోపల జల్లెడ గుడ్డ, దాని మీద ఐదు సెంటీమీటర్ల గులకరాళ్లు, ఐదు సెంటీమీటర్ల ముతక ఇసుక. బొగ్గును పొడిగా పోయకూడదు. ముందు నీళ్లలో నానబెట్టి, జావలా చేసి గొట్టంలో వంచండి, 60 సెంటీమీటర్ల ఎత్తు రావాలి. పొడిగా పోస్తే మధ్యలో గాలి సందులు మిగిలి, నీరు ఆ దారినే జారిపోతుంది. పైన మళ్లీ ఇసుక, గులకరాళ్లు వేయండి, లేకపోతే బొగ్గు తేలిపోతుంది.

12. కుళాయికి సన్నని గొట్టం తగిలించి, దాని రెండో కొసను బొగ్గు పైమట్టం కంటే కొంచెం ఎత్తులో కట్టండి. దీనివల్ల ఫిల్టరు వాడనప్పుడు కూడా లోపలి బొగ్గు నీటిలోనే ఉంటుంది. ఎండిపోయి మళ్లీ తడిస్తే పగుళ్లు వస్తాయి.

13. మొదటి 50 లీటర్లు పారబోయండి. రంగు లేని నీళ్లు వచ్చేదాకా ఇది తప్పదు. ఎర్రగానే వస్తుంటే తొమ్మిదో అంచెలో కడగడం తక్కువైంది.

నీళ్లు ఎంత నెమ్మదిగా రావాలి?

ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కుళాయి పూర్తిగా తిప్పేస్తారు. నీటికీ ఇనుముకూ మధ్య కనీసం పదిహేను, ఇరవై నిమిషాల స్నేహం కుదరాలి. ఈ కొలతల గొట్టంలో బొగ్గు ఉన్న చోటు 2.3 లీటర్లు. 200 మిల్లీలీటర్ల గ్లాసు నిండడానికి రెండు నిమిషాలు పట్టేలా కుళాయిని సరిచేయండి. ఫోనులో గడియారం పెట్టుకుని చూడండి, కంటి అంచనా వద్దు. ఆ లెక్కన పది లీటర్లకు గంటా నలభై నిమిషాలు. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి పట్టుకుంటే సరిపోతుంది.

ఫిల్టరులో పోసే ముందు క్లోరిన్ ఎందుకు?

బోరు లోతుల్లో గాలి తగలని చోట ఆర్సెనిక్ మరో రూపంలో ఉంటుంది. దానికి ఆవేశం ఉండదు, ఇనుముకు కూడా సులువుగా చిక్కదు, పైగా విషం ఎక్కువ. నీళ్లను గాలికి పెట్టినంత మాత్రాన అది త్వరగా మారదు. అందుకని 20 లీటర్ల నీటికి సరిపోయే క్లోరిన్ మాత్ర వేసి, అరగంట ఆగి, ఆ నీటిని ఫిల్టరులో పోయండి. నీళ్లలో ఇనుము ఉంటే ఎర్రని తెట్టు తేలుతుంది, గుడ్డతో వడగట్టి పోయండి. ఆ తెట్టు కూడా కొంత ఆర్సెనిక్‌ను తనతో తీసుకుపోతుంది, కాబట్టి దాన్ని మొక్కలకు పోయకండి. క్లోరిన్ వాసన గురించి బెంగ వద్దు, బొగ్గు దాన్ని లాగేస్తుంది.

పనిచేస్తోందని ఎలా తెలుసు?

టీడీఎస్ మీటరుతో మాత్రం కాదు. లీటరుకు 50 మైక్రోగ్రాముల ఆర్సెనిక్ అంటే ఆ మీటరు లెక్కలో 0.05. మీటరేమో ఒకటి, రెండు అని పూర్ణాంకాలే చూపిస్తుంది. "మా నీళ్లు ఎనభై చూపిస్తున్నాయి, భేషుగ్గా ఉన్నాయి" అనేవారికి నేను చెప్పేది ఒక్కటే: ఆ ఎనభైలో ఏముందో మీటరుకు తెలియదు.

ఇంట్లో చూసుకోవడానికి ఆర్సెనిక్ కిట్లు దొరుకుతాయి. సీసాలో నీళ్లు పోసి పొడులు వేస్తే వాయువు పుట్టి, మూతలోని కాగితం చుక్క పసుపుకో గోధుమకో తిరుగుతుంది. ఆ రంగును అట్ట మీది రంగులతో పోల్చాలి. ఆ వాయువు ఆర్సైన్, చాలా విషం. ఆరుబయటే చేయండి, వాసన చూడకండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. కాగితం చుక్కను పగటి వెలుతురులో చూడాలి, పసుపు బల్బు కింద అన్నీ పసుపుగానే కనిపిస్తాయి.

కిట్టు రోజువారీ కాపలాకే. తాగవచ్చా లేదా అన్నది ప్రయోగశాల కాగితమే తేల్చాలి. ఒకే రోజు రెండు సీసాలు పంపండి: ఫిల్టరులో పోసిన నీరు, బయటికి వచ్చిన నీరు. బయటి నీళ్లు ఒక్కటే పంపితే ఫిల్టరు పనిచేసిందో, ఆ రోజు బోరులోనే తక్కువుందో చెప్పలేం. మొదటి 50 లీటర్లు పారబోశాక ఒకసారి, తర్వాత 100, 300 లీటర్ల దగ్గర పరీక్ష చేయించండి. ఆ అంకెలు చూశాక మీ నీటికి ఎంత తరచుగా అవసరమో తెలుస్తుంది. "నా ఫిల్టరు ఎన్నాళ్లు వస్తుంది?" అని అడగకండి. మీ నీటిలో ఆర్సెనిక్ ఎంత, ఫాస్ఫేటు, సిలికా ఎంత, పీహెచ్ ఎంత అన్నదాన్ని బట్టి అది మారుతుంది. పీహెచ్ 8.5 దాటిన నీళ్లయితే పట్టు బాగా తగ్గుతుంది. బయటి నీటిలో ఆర్సెనిక్ 5 మైక్రోగ్రాములకు చేరిందంటే బొగ్గు మార్చే రోజు వచ్చినట్లే, 10 దాకా ఆగవద్దు.

ఇది చేసే ఓపిక లేకపోతే

ఇంట్లో ఆర్.ఓ. యంత్రం ఉంటే ఆవేశం ఉన్న ఆర్సెనిక్‌ను బాగానే తీస్తుంది, ఆవేశం లేని రూపాన్ని అంత బాగా తీయదు. దాని బయటి నీటినీ పరీక్షకు పంపి చూసుకోండి. నేపాల్‌లో కంచన్ ఫిల్టరు అని ఇసుక మీద ఇనుప మేకులు పరిచి వాడతారు, మేకులు తుప్పుపడితే ఆ తుప్పే ఆర్సెనిక్‌ను పడుతుంది. ఊరంతటికీ బాధ ఉంటే ఇంటింటికీ ఒక గొట్టం కంటే పంచాయతీ తరఫున ఒకే పెద్ద ఏర్పాటు నయం. చెన్నైలోని ఐ.ఐ.టి. మద్రాసులో ప్రదీప్ గారి బృందం తయారుచేసిన అమృత్ పద్ధతి అలాంటిదే, అందులోనూ పట్టుకునేది ఇనుమే.

వాడేసిన బొగ్గు

దీని గురించి ఎవరూ అడగరు, కానీ అడగవలసింది ఇదే. నీటిలోంచి తీసిన ఆర్సెనిక్ మాయం కాలేదు, మీ గొట్టంలో కూర్చుని ఉంది. ఆ బొగ్గును మొక్కలకు వేయకండి, కంపోస్టులో కలపకండి, పొయ్యిలో పెట్టకండి. కాలిస్తే ఆర్సెనిక్ పొగతో లేచి మీ ఊపిరితిత్తుల్లోకి వస్తుంది. చేతి తొడుగులతో తీసి, మందమైన ప్లాస్టిక్ సంచిలో కట్టి, మూత ఉన్న డ్రమ్ములో పొడిగా ఉంచండి. డ్రమ్ము మీద "ఆర్సెనిక్" అని కన్నడంలోనూ తెలుగులోనూ రాయండి, బోరుకూ పశువుల కొట్టానికీ దూరంగా పెట్టండి. నలుగురైదుగురి ఇళ్ల బొగ్గు పోగయ్యాక, ప్రమాదకర వ్యర్థాలు ఎక్కడ అప్పగించాలో కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయంలో అడగండి. ఫిల్టరు గొట్టం మీద కూడా బొగ్గు నింపిన తేదీని చెరగని సిరాతో రాసిపెట్టుకోండి, ఆరు నెలల తర్వాత ఇంట్లో ఎవరికీ అది గుర్తుండదు.